మూకుడు బేరం

షెఫీల్డు మూర్ మార్కెట్లో
చేపల కొట్టు దాటాక, తాళాలు చేసేవాడి పక్కన
ఇనప సామాన్ల దుకాణం.
పోపుకి ఓ ఉక్కు మూకుడు కావాలని వెళ్ళాను.

ఒకటి చేతిలోకి తీసుకుని
అలవాటు కొద్దీ వేలి కణుపుతో కొట్టి చూశాను.
కుండైనా, పుచ్చకాయైనా, కొబ్బరికాయైనా
కొట్టి చూడకుండా కొన్న వంశం కాదు మాది.

"అది వద్దు," అన్నాడు కౌంటరు వెనక ముసలాయన
తలైనా ఎత్తకుండా.
"పిడి దగ్గర సన్నటి బీట.
జలుబు చేసిన గొంతు, వినబడలా?"

నాకేం వినబడలేదు.

జేబు మీద పేరు బిళ్ళ: నెవిల్ స్టానిఫోర్త్.
ఎడమ చెవికి మిషను.
ఆకురాళ్ళ కార్ఖానాలో ముప్పై ఏళ్ళు
సుత్తులు తినగా మిగిలిన చెవి అది.
కుడిది మాత్రం
జీతం లేకుండా ఇంకా డ్యూటీ చేస్తోందట.

గరిట కాడతో
గోడకి వేలాడే మూకుళ్ళ మీదుగా
ఎడమ నుంచి కుడికి ఒక్కసారి నడిచి వెళ్ళాడు.

ఓరి నాయనో.
సైజు ప్రకారం కాదు, ధర ప్రకారం కాదు
స్థాయి ప్రకారం తగిలించుకున్నాడు వాటిని!

"చుక్కలూ గీతలూ నాకు చదవడం రాదు," అన్నాడు.
"ఇది మా మోరీన్ మెట్ల కింద నుంచి పిలిచే పిలుపు.
ఇది అయిదింటి సైరను.
ఇది కొండెక్కే ట్రాము మూలుగు.
ఆ చివరిదానికి ఇంకా పేరు పెట్టలేదు, పోయిన వారమే వచ్చింది."

నేను లోపల్లోపల సర్దుకుంటున్నాను: స, రి, గ...
ఏలూరులో సీతారత్నం టీచరు
రెండేళ్ళు సరళీ వరసలు నూరిపోసి
"నీకు శ్రుతి పట్టుబడదమ్మా, కుట్టు నేర్చుకో" అని
ఆ నెల ఫీజు వెనక్కిచ్చి పంపేసిన పిల్లని నేను.
కుట్టూ రాలేదు, అది వేరే సంగతి.

నాలుగో మేకు ఖాళీగా ఉంది.

"అదా? మంగళవారం ఓ కుర్రాడు పట్టుకుపోయాడు.
వాక్లీలో ఉంటాట్ట. గుడ్లు వేయించుకుంటాట్ట."
ఆ గొంతులో ఓ పిసరు దిగులు;
సరుకు అమ్ముడుపోయిన కొట్టువాడికి
ఉండాల్సింది కాదది.

అప్పుడు, ఎందుకో ఇప్పటికీ తెలీదు,
ఆ ఖాళీ మేకు ముందు నోరు తెరిచి
అక్కడ లేనిదాన్ని అన్నాను:
మా...

పక్కన తాళాలవాడి మర కూడా
సరిగ్గా ఆ క్షణానికే ఆగి చచ్చింది.

నెవిల్ కుడి చెవి ఇటు తిప్పాడు.
"మళ్ళీ."
మళ్ళీ అన్నాను.
"కొంచెం కిందకుంది. కుర్రాడిది ఇంకాస్త పైన.
అయినా దగ్గర్లోనే ఉన్నావ్. అదే వీధి."

నలభై ఆరేళ్ళకి
నా పాటకొచ్చిన బిరుదు: అదే వీధి.

నాకు కావలసిన సైజు అయిదోది.
తీసివ్వమనడానికి నోరు రాలేదు,
గోడకి ఇంకో పన్ను పీకినట్టుంటుందని.
ఆయనే దించి కాగితంలో చుట్టాడు.
పన్నెండు పౌన్లు.
"మూకుడన్నాక వంటింటికి పోవాలిగా," అన్నాడు,
చుట్టడం మాత్రం నెమ్మదిగా చుట్టాడు.

హీలీలో మా వంటింట్లో
ఆవాలు చిటపటలాడినంతసేపూ
అది నోరు మెదపదు.
కడిగి బోర్లించబోతూ గరిట తగిలితే మాత్రం
పా అంటుంది,
చలికి కిటికీ తెరిచినందుకు మా ఆయన తిట్టేదాకా
అంటూనే ఉంటుంది.

ఏం చెయ్యను, తెరవాలి.
లోయకవతల వాక్లీలో
ఎవరో కుర్రాడు గుడ్లు తినేసి
సింకులో మూకుడు పడేసే వేళ ఇది.