సుంకి ఘాటీ, రెండో గేరు

పొట్టంగి దాటాక
రోడ్డు ఉన్నట్టుండి కిందికి జారిపోతుంది
వేళ్ళలోంచి కుచ్చిళ్ళు జారినట్టు.
వెనక పదకొండు బస్తాల అల్లం.
వ్యాను నా పేరుమీదే, ఇంకా పద్నాలుగు వాయిదాలు.
పక్కన తవిటినాయుడు, ఒళ్ళో కండువా.
ముప్పయ్యేళ్ళు లారీ తోలిన కాలు
అక్కడ లేని పెడల్ని తొక్కుతోంది.

"మూడులో ఎందుకున్నావు? రెండులో ఎయ్యి.
ఏ గేర్లో ఎక్కేవో ఆ గేర్లోనే దిగాల."

వేశాను. క్లచ్ మెల్లగా వదిలాను.
వ్యాను ముక్కు వంచి, ఒక్క కుదుపు కుదిపి
తన్ని తానే పట్టుకుంది.
ఇంజను గొంతు పెంచింది.

"ఏడుస్తోంది బాబాయ్."
"ఏడవనీ.
దిగుడులో ఏడుపుకి డీజిల్ కూడా అవదు."

ఆపడమంటే పాదం పనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.
మొదటి వారం, సెమిలిగుడ సంతనుంచి వస్తూ
తొక్కిన కాలు తియ్యకుండా దిగాను.
ఏదో కమురు వాసన.
కొండమీద పోడు కాలుస్తున్నారనుకున్నాను.
నా చక్రాలే.
పెడలు ముగ్గిన సీతాఫలంలా మెత్తగా నేలకి దిగిపోయింది.
ఆ రోజు నన్నాపింది బ్రేకు కాదు,
రోడ్డుపనికి పోసిన కంకర కుప్ప.

నాయుడు తిట్టలేదు. బంపర్లోంచి రాళ్ళు ఏరుతూ అన్నాడు:
"బ్రేకంటే అప్పులాటిది.
అవసరానికి తీసుకో, ఎంటనే ఒగ్గెయ్.
దానిమీద బతక్కు."

మంచులో మలుపు. జయపురం బస్సు హారను.
నొక్కాను. ఒగ్గేశాను.
ఇంజను మళ్ళీ తన ఏడుపు అందుకుంది.

వెనక తెల్లకారు ఒకటే లైట్లు కొడుతోంటే
దారిచ్చాం.
ప్రతి వంపులోనూ దాని ఎర్ర దీపాలు
ఆరకుండా వెలుగుతూనే పోయాయి.

నాలుగు వంపుల కింద అది ఆగుంది.
ముందు చక్రాల్లోంచి పొగ.
ఒకాయన నీళ్ళసీసా మూత తిప్పుతున్నాడు.
నాయుడు కిటికీలోంచి సగం బయటికొచ్చి
ఒడియాలో ఓసారి, తెలుగులో ఓసారి అరిచాడు:
"నీళ్ళు పొయ్యకు! డిస్కు పగిలిపోద్ది!
ఊరికే కూకో కాసేపు!"

సుంకి గేటు దగ్గర బండి ఆపాను.
ఆయన దిగి, వంగి,
జ్వరం చూసినట్టు మడిచేతిని చక్రం దగ్గర పెట్టాడు.
"నువ్వూ చూడు."
కాస్త వెచ్చన, అంతే.
బస్తాల్లో ఒక్కటీ ముందుకి జరగలేదు.

నాయుడు రెండు టీలు చెప్పాడు.
బల్లకింద నా కుడికాలు మాత్రం
ఇంకా దేన్నో తొక్కాలని వెతుకుతోంది.