అరచెయ్యి విప్పాలి

మొదటి రూలు ఏ పుస్తకంలోనూ లేదు:
ఫ్యాను ఆపాలి.
రోహిణి కార్తె. గుంటూరు, సంగడిగుంట.
మూతబడ్డ జిన్నింగు మిల్లు గోడౌనులో
రేకుల కింద ఫ్యాను ఆపేసి
ఇన్నయ్య మాస్టారు మా మొహాలు చూసేవాడు
ముందెవరు విసుక్కుంటారా అని.

"రెండు ఎండు మిరపకాయల బరువు లేదు బంతి.
గాలికి లోకువ. చెమటకి మీరు లోకువ కాకండి."

బల్ల రెండు ముక్కలు.
నడిమి సందులో ఎవరో ఇరికించిన బస్సు టిక్కెట్టు.
వల మాత్రం కొత్తది,
రోజూ స్కేలు పెట్టి కొలిచి మరీ కట్టేవాడు.

సర్వీసు నేర్పడానికి వారం పట్టింది.
బంతి అరచేతిలో పెట్టు.
పట్టుకోకు, పెట్టు.
వేళ్ళు ముడవకు. భుజం అడ్డం పెట్టకు.
నీ దగ్గరున్నది బంతేనని
అవతలివాడికి కనబడాలి.
నిటారుగా ఎగరెయ్, బెత్తెడు కాదు, జానెడు.
లేచేదాన్ని కొట్టకు, దిగేదాన్ని కొట్టు.
మనింట్లో ఒక టప్పా పడ్డాకే
వల దాటి పక్కింట్లో పడాలి.

అంతా నాగుల్‌మీరా చేత చేయించి చూపేవాడు.
తను చూపడు.
ఆయన ఎడం చెయ్యి ఎప్పుడూ తువ్వాలు కిందే.

మా అమ్మ యార్డులో మిరప ముచ్చికలు తీసేది.
రాత్రి మజ్జిగ గిన్నెలో చేతులు ముంచి
తర్వాత గుమ్మంలో కూచుని గాలికి పట్టేది,
సరిగ్గా సర్వీసుకి పెట్టినట్టే.
ఆ ఒక్క రూలు నాకు ఇంట్లోనే వచ్చేసింది.

మిగతావి ఆడుతుంటే వచ్చాయి.
చెరి రెండు సర్వీసులు, పదకొండుకి ఆట.
సర్వీసు వలని రాసుకుని అవతల పడితే
గెలుపూ లేదు, ఓటమీ లేదు, మళ్ళీ వెయ్యి.
అంచు తగిలితే పాయింటే,
అంచు కింది పక్క తగిలితే కాదు.
(దీని మీద సువార్తకీ నాకూ నెల్లాళ్ళు మాటల్లేవు.)
ఖాళీ చెయ్యి బల్లకి ఆనిందా, పాయింటు పోయినట్టే.
పది పది అయితే చెరొక్క సర్వీసు,
ఇక రెండు తేడా వచ్చేదాకా
ఇంటికి పోయే ప్రసక్తి లేదు.

బ్రాడీపేట టోర్నమెంటుకి
ఆయన పేరు మేమే ఇచ్చాం,
ఐదుగురం తలా పది రూపాయలేసుకుని.
తెలిశాక తిట్టాడు. తర్వాత బూట్లు తుడుచుకున్నాడు.

ఎదురు బ్యాంకు కుర్రాడు.
మొదటి సర్వీసుకే చెయ్యెత్తాడు:
"అరచెయ్యి విప్పలేదండీ."

మాస్టారు ఏమీ అనలేదు.
అవునన్నట్టు తలూపి బ్యాటు బల్ల మీద పెట్టాడు.
పెట్టిన తీరు చూస్తే
ఆ మాట కోసం ఏళ్ళుగా కాచుక్కూచున్నట్టుంది.

అంపైరు వకుళ గారు కుర్చీ దిగొచ్చింది.
"ఏదీ, చూపించండి."
బొటనవేలు. చిటికెనవేలు.
నడిమి మూడూ మిల్లు రోలరు తీసుకుంది,
మేమాడే గోడౌనుకి అవతలి షెడ్డులో.
మిగిలిన ఆ కాస్త గుంటలో
బంతి కదలకుండా కూచునుంది.

ఆవిడ చాలాసేపు బంతినే చూసింది.
"ఈ చెయ్యి విప్పితే ఇంతే విప్పుకుంటుంది.
సర్వీసు చెల్లుతుంది. ఆడండి."
"అట్లా రాసుందా అమ్మా?"
"రాసుంది. అంగవైకల్యం అడ్డమైతే
అంపైరు సడలించొచ్చని రాసుంది."

అన్ని రూళ్ళూ తెలిసినాయన
ఇది ఒక్కటి చదవలేదు.
పంతొమ్మిదేళ్ళు
తన మీద తనే ఫాల్టు రాసుకుంటూ వచ్చాడు.

ఓడిపోయాడు. మూడు గేములూ, పదకొండు ఎనిమిది.
అదేం కథ కాదు, ఆ కుర్రాడు బాగా ఆడాడు.
తిరిగొస్తూ మూడు వంతెనల కాడ బజ్జీల బండి దగ్గర
కారానికి ముక్కు ఎగబీల్చుకుంటూ
"రాసుందంట" అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

మర్నాడు పొద్దున
ఫ్యాను ఆపాడు.
తువ్వాలు తీసి మేకుకి తగిలించాడు.
బంతి తీసుకున్నాడు.
"మీరా, నువ్వు అవతలి వైపుకి పోరా."