జివిలే తర్వాత

కౌనస్‌లో జనవరి. మూడున్నరకే దీపాలు.
ట్రాలీబస్సు తీగల మీంచి మంచు పొడిపొడిగా రాలుతోంది.
అచ్చుకూర్పు గదిలో ఔక్సే
సగం కొరికిన రై రొట్టె కీబోర్డు పక్కన పెట్టి
రెండొందల పదకొండో పేజీ తెరిచింది.

"జివిలేకొలిచింది" అని ఉంది అక్కడ.
కింది వరసలో "జివిలేరాసుకుంది."
ఇంకో నాలుగు పంక్తులు దిగితే "జివిలేబురదలో."

పుస్తకం చిత్తడి నేలల గురించి.
ముప్ఫై ఏళ్ళ నీటిమట్టాలు, సెంటీమీటర్లలో.
రాసిన స్కిర్మాంతస్ గారికి ఎనభై ఒకటి.
భార్య పేరులో టోపీ పెట్టుకున్న అక్షరం ఒకటి,
నెత్తిన చుక్క మోసేది ఒకటి.
ప్రతిసారీ వాటిని వెతుక్కోలేక
ఆ పేరుకొక ఆదేశం కట్టుకున్నాడు:
వెనక్కి వాలిన గీత, ఆరు మామూలు అక్షరాలు.

ఫోన్లో గొంతు పెంచాడు.
"ప్రతి చోటా బొటనవేలితో ఖాళీ కొట్టానమ్మా,
నా వేలికి తెలుసు. ఏమైపోయాయవి?"

ఏం చెప్తుంది.
ఆదేశం పేరు ఎక్కడ ఆగిందో తెలియడానికే
యంత్రానికి ఆ ఖాళీ కావాలి.
తెలిశాక, ఏరు దాటాక తెప్ప.
ఒకటి కొడితే ఒకటి, పది కొడితే పదీ మింగేస్తుంది.
కామా వస్తే గొడవ లేదు, చుక్క వస్తే లేదు,
మాట వస్తేనే, వచ్చి మీద పడుతుంది.
మన వ్యాకరణమైతే సంధి అని సర్దుకుపోయేది.

తర్వాత ఏముందో తొంగిచూసి
ఖాళీ కావాలో వద్దో ఊహించే సరంజామా ఒకటుంది.
ఔక్సేకి ఊహలంటే పడదు.
చేత్తోనే మొదలుపెట్టింది. పేరు పక్కన
ఒక జత కుండలీకరణాలు, లోపల ఏమీ లేకుండా.
పేరు ఇక్కడితో అయిపోయిందని గుర్తు.
అప్పుడు ఖాళీ నిలబడుతుంది.

నాలుగొందల పన్నెండు చోట్ల.
జివిలే కొలిచింది.
జివిలే గొడుగు మర్చిపోయింది.
నీటిమట్టాల పుస్తకంలో గొడుగెందుకో!
జివిలే ఒప్పుకోలేదు, ఆ అంకె తప్పంది.
తప్పే అని కింద అధోజ్ఞాపిక.

చివరి పట్టికలో పరిశీలకుల నిలువు వరస.
జివిలే, జివిలే, జివిలే,
అక్టోబరు పంతొమ్మిది దగ్గర ఒకసారి,
ఆ కింద గళ్ళు గళ్ళుగా తెలుపు.
ఆ పేరు తర్వాత మాట లేదు, అతుక్కునేదేం లేదు.
అలవాటు కొద్దీ ఔక్సే వేళ్ళు అక్కడా జత పెట్టేశాయి.
తీసేద్దామని వెనక్కి వెళ్ళింది.
తియ్యలేదు.
అచ్చులో ఎలాగూ కనపడదు.

ఆ దేశంలో బతికున్నవాళ్ళకి బేసి పూలిస్తారు,
పోయినవాళ్ళకి సరి.
ఆ గుర్తుల్ని వాళ్ళు వంకర కుండలీకరణాలనే అంటారు,
పుష్ప అన్నది మన లెక్కల మాస్టార్ల మాట.
ఔక్సేకి తెలిసే వీల్లేదు.

రొట్టె అంచులు ఎండిపోయాయి.
సూచిక ఇంకా మొదలే పెట్టలేదు.