తేలే గింజ

కొండాపూర్ల హిమజ మేడం వంటింట్ల
గాజు సీసా ఒకటి కొత్తగొచ్చింది.
మీద తెల్ల చీటి. నాకు చదువు రాదు గని
లోపల నల్లగ, ముడుతలు ముడుతలుగ ఉన్నయి జూసి
మూత తియ్యకముందే గుర్తువట్టిన.

"మిరియాలు కాదు కిష్టవ్వా, బొప్పాయి గింజలు.
రోజూ అర చెంచా నూరి తేనెలో కలుపుకుంటే
పొట్ట శుభ్రపడుతుందట. ఆన్‌లైన్‌లో తెప్పించా.
వంద గ్రాములు మూడు వందలు."

మూడు వందలు!
చేతులున్న గిన్నె సింకుల వెట్టి
కొంగుతోటి మొకం తుడుసుకున్న,
నవ్వు కనవడకుండ.

మాది జియాగూడ. అప్పుడు నాకు పన్నెండేండ్లు.
తెల్లారకముందే అవ్వా నేనూ బకీట్లు వట్టుకొని
కోఠిల పండ్ల బండ్లకాడికి, జ్యూస్ దుకాండ్లకాడికి పోయేది.
మోరీల పారవోసే గింజలు అడుక్కొని తెచ్చేది.
గోనెపట్టల వోసి, బూడిద జల్లి, కాళ్లతోటి తొక్కుతే
ఒక్కో గింజ మీది జిగట తిత్తి పటుక్కుమనేది.
బడికి పోయే పిల్లల కాళ్లకు చెప్పులుండె,
నా కాళ్లకు ఆ ఘాటు వాసన ఉండె.
మూడెండలు మిద్దె మీద. కావలి నేనే.
ఎండకు ముడుసుకపోయి ముడుసుకపోయి
ఆ గింజలు తమ పేరు తామే మర్సిపోయేటియి.

బేగంబజార్ల ఫూల్‌చంద్ సేటు
కిలకు రెండు రూపాయలిచ్చి తీసుకునేటోడు.
పది కిలల మిరియాలల్ల రెండు కిలలు మావి.
మాకు తెల్వదా? తెలుసు.
అవ్వ ఇంట్ల చారుల మిరియం వేసేది గాదు.
"మన చేతివి మనకెందుకే" అనేది.

ఒకనాడు ఎవరో కండ్లద్దాల ముసలాయన
దుకాణంల నిలవడి గిలాసెడు నీళ్లడిగిండు.
తాగుతడనుకున్నం.
గుప్పెడు మిరియాలు దాంట్ల వేసిండు.
మిరియం మునిగింది.
మా గింజ తేలింది.
సేటు మా దిక్కు జూసిండు.
మేము నేల దిక్కు జూసినం.

ఆ పాపం చానా ఏండ్లు నా గుండెల గింజలెక్కనే ఉండె.
దగ్గుకని మిరియాల పాలు తాగిన పిల్లగాండ్లకు
దగ్గు తగ్గిందో లేదో ఎవరికి ఎరుక.
కడుపుల పురుగులైతే పడిపోయుంటయి.
గంతే మా పుణ్యం.

మొన్న బస్తీ దవాఖానల డాక్టరమ్మ
రిపోర్టు జూసి, "షుగర్ అంచుమీద ఉంది,
అన్నం తగ్గించు. ఆ మలబద్ధకానికి గోలీలెందుకు,
బొప్పాయి ఒక కప్పు తిను.
కళ్లకూ మంచిదే, ఖర్చూ తక్కువే" అన్నది.
"మరి గింజలు?" అని అడిగిన.
రాసుడు ఆపింది.
"గింజల గురించి గట్టిగా చెప్పలేనమ్మా.
తిన్నా చిటికెడే. కడుపుతో ఉన్నవాళ్లు అసలే వద్దు."
గట్టిగ చెప్పలేనన్న మాటనే
నాకు గట్టి మాట అనిపిచ్చింది.

మెహదీపట్నంల బస్సు దిగి నలభై రూపాయలకు పండు కొన్న.
ఇంట్ల నిలువున కోసిన.
గూట్ల పిట్టపిల్లల లెక్క ఒకదానికొకటి అతుక్కొని
తడితడిగ, మెరుసుకుంట ఉన్నయి.
ఇంత సక్కగుంటయని
అన్ని బకీట్లు మోసినా ఎన్నడు సూడలే.

పండు తిన్న. తీపి బానే ఉన్నది.
ఒక గింజ పండ్ల నడుమ వెట్టి కొరికిన.
ఆవాల కారం, ఎనుక కొంచెం చేదు.
మిరియం రుచి ఏ కోశాన లేదు.
జనం ఎట్ల నమ్మిన్రో!

ఇయ్యాల్టి ధరకు మిరియాలు దెచ్చి
బొప్పాయి గింజలల్ల కలిపినా లాభమే.
ఫూల్‌చంద్ సేటు బతికుంటే చెప్తుంటి.

మిగిలినయి కడిగి కిటికీల ఎండవెట్టిన.
మూడెండలు. ఈసారి బూడిద లేదు, తొక్కుడు లేదు.
నాలుగోనాడు స్టీలు గిలాసల నీళ్లు నింపి
పిడికెడు వేసిన.

తేలినయి.

తేలనీ.
ఇప్పుడు ఎవ్వరు జూస్తే నాకేంది.