పావు చుట్టు

గ్లేస్ బేలో మార్చి అంటే
ఉప్పు.
రోడ్డు మీద ఉప్పు, సముద్రం మీంచి ఉప్పు,
గుమ్మంలో విడిచిన బూట్ల అంచున తెల్లటి ఉప్పుగీత.
పదమూడేళ్ళ ట్రక్కు కడుపు కింద
అట్టముక్క పరుచుకుని వెల్లకిలా పడుకున్నాను.
తుప్పు రాలి కళ్ళలో పడుతోంది.

బ్రేకుని పట్టి ఉంచే బోల్టులు రెండు.
పైది మంచి పిల్ల. రెండు దెబ్బలకే మాట విన్నది.
కిందిది ఉడుంపట్టు.

బుధవారం నుంచి నూనె పోస్తున్నాను,
పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి,
జబ్బుమనిషికి మందు పట్టినట్టు.
తాగుతుంది. కదలదు.
పక్కింటి డూగల్డ్ కంచె మీంచి అరిచాడు,
"కోసిపారెయ్ మర్డీనా, గ్రైండరిస్తా."
వద్దన్నాను.
కోస్తే సగం లోపలే చిక్కుకుంటుంది,
ఆపైన అంతా డ్రిల్లు పని, బూతుల పని.

విప్పాలంటే ముందు బిగించాలి.
వెంట్రుకవాసి, అంతే.
తుప్పు అటువైపు కాపలా కాయదు.
ఈ సంగతి లాకీయే చెప్పాడు.

కాలిపర్ని తీగతో పక్కకి వేలాడగట్టి
సుత్తితో బోల్టు తల మీద కొట్టాను, గట్టిగా కాదు,
లోపల మనిషున్నాడని తెలిసి
తలుపు తట్టినట్టు.
గ్యాసు మంట పెట్టాను. అంచు ఎర్రబడింది.
సొరుగులో మిగిలిన పుట్టినరోజు కొవ్వొత్తి,
గులాబీ రంగుది, ఆనించాను.
మైనం కరిగి మరల్లోకి పాకింది.
ట్రక్కు కింద కాసేపు చర్చి వాసన.

పానాకి పాత నీళ్ళ పైపు తొడిగి
చివర పట్టుకుని వేలాడబోతుండగా
గుర్తొచ్చింది,
దీన్ని ఆఖరిసారి బిగించింది అతనే.
ఏడేళ్ళ కిందట, అక్టోబరులో, వాన మొదలవకముందే అయిపోవాలని.
కొలత చూపించే పానా ఎన్నడూ ముట్టుకోలేదు.
"మూలిగేదాకా. మూలిగాక ఇంకో వేలెడు."
అదీ లెక్క.

చొక్కాలు ఇచ్చేశాను. పడవ అమ్మేశాను.
గొంతు పాత ఫోనుతో పాటే పోయింది.
ఆ భుజం బలం మాత్రం ఇదిగో,
పదిహేడు మిల్లీమీటర్ల తల దగ్గర
ఇంకా వదలకుండా ఉంది,
నాకెదురు లాగుతోంది.

వంటింటి బల్ల మీద మోచేతులానించి
పందెం వేసుకునేవాళ్ళం.
ఒక్కసారీ నన్ను గెలవనివ్వలేదు,
జాలికైనా.

టప్ మంది.
విరిగిందనుకున్నాను, గుండె జారింది.
లేదు. పావు చుట్టు.
ఇంకో పావు, ఎర్రటి పొడి, మైనం పొగ,
ఆ తర్వాత ఉత్త వేళ్ళకే వచ్చేసింది
బుద్ధిమంతుడిలా.
తొడుగులోంచి కూడా అరచెయ్యి చురుక్కుమంది.
అయినా పట్టుకునే పడుకున్నాను.

డూగల్డ్ వంగి చూశాడు. "బతికే ఉన్నావా?"
"గెలిచాను," అన్నాను.
వాడికేం తెలుసు.

చీకటి పడుతుంటే మునిసిపాలిటీ బండి వచ్చింది,
నారింజ దీపం తిప్పుకుంటూ,
వీధంతా ఉప్పు జల్లుకుంటూ.

కొత్త బోల్టుకి గ్రీజు దట్టంగా పూశాను.
మూలిగేదాకా బిగించాను.
ఆగాను.
ఇంకో వేలెడు.

ఈసారి విప్పేది ఎవరో,
వాళ్ళ ఖర్మ.