రెన్యువల్

ఐదేళ్ళకు ముప్పై గంటలు.
నా ఖాతాలో ఇరవై రెండున్నర.
మిగతా ఏడున్నర కోసం
ఆదివారం తెల్లారకముందే
టెక్కలి హైవే మీద నిలబడి
విశాఖ బస్సుకు చెయ్యెత్తాను.
నల్లరాతి దిమ్మెల లారీ ఒకటి
నా మొహాన ఇంత పొడి కొట్టి పోయింది.

హోటల్లో చలి.
మెడకో పట్టీ, పట్టీకో కార్డు,
కార్డు మీద డాక్టర్ పొన్నాడ లలితకుమార్.
"కుమారి" అన్నాను.
"సర్టిఫికెట్లో మారుస్తాం సార్" అన్నాడు కుర్రాడు,
తలెత్తకుండానే.

పొద్దున ఒక సంతకం.
అన్నాలయ్యాక ఇంకో సంతకం,
మధ్యలో పారిపోకుండా.
ముప్పై ఒక్కేళ్ళు ఊపిరితిత్తులు విన్నదాన్ని,
హాజరు పలికాను.

వేదిక మీద రెండు లక్షల ఇంజెక్షన్ గురించి చెబుతున్నారు.
బొమ్మల్లో తెల్లటి ఊపిరితిత్తులు, తెల్లటి మనుషులు.
ముందు వరసలో ఎవరో గురక.
ఆ గురక విని జబ్బు పేరు చెప్పగలను,
దానికి పాయింట్లు లేవు.

మూడింటికి తవిటయ్య ఫోన్.
"అమ్మా, దాలినాయుడొచ్చీసినాడు. పడుకోనేకపోతన్నాడు,
కూకునే ఉన్నాడు రాత్తిరి నుంచి."
ఆక్సిజన్ పెట్టమన్నాను, ఎంత పెట్టాలో చెప్పాను,
జిల్లా ఆస్పత్రికి పంపాల్సిన అంకె కూడా చెప్పాను.
అవతల దాలినాయుడి గొంతు, ముక్కలు ముక్కలుగా:
"ఏటి... అమ్మగోరు... ఇంకా... సదూతన్నారా?"

చదువుతున్నాను నాయనా.

తర్వాత క్విజ్. ఇరవై ప్రశ్నలు, ఇరవై నిమిషాలు.
పదకొండోది:
రాళ్ళు కొట్టే పనివాడు, ఎక్స్‌రేలో గ్రంథుల చుట్టూ
గుడ్డుపెంకులాంటి గీత, జబ్బేమిటి?
ఏ, బీ, సీ, డీ.
సీ నొక్కాను.
పచ్చరంగు టిక్కు గంతేసింది.

అక్కడే చెయ్యి ఆగిపోయింది.

నిజం చెప్పుకోవాలి.
ఈ చదువు మీద నాకు కోపం లేదు.
పన్నెండేళ్ళ కిందట ఇలాంటి హాల్లోనే
ఒక ముసలి ప్రొఫెసర్, మైకు పనిచెయ్యక,
గొంతు చించుకుని దుమ్ము గురించి చెబితే
నా పొట్టలో ఏదో జారింది.
అప్పటికి సూరినాయుడికి,
ఈ దాలినాయుడి అన్నకి,
రెండుసార్లు టీబీ మందులు మింగించాను.
గళ్ళలో క్రిమి కనబడలేదు, అయినా మింగించాను.
మంచం మీద గోడకి ఆనుకుని పోయాడు, నలభై ఒకటి నిండకుండా.
క్వారీ పుస్తకంలో అతని పేరు లేదు.
టీబీ రిజిస్టర్లో ఉంది,
నా చేతిరాతలో.

ఆ ఏడాది నా రెన్యువల్
నాలుగు రోజుల్లో వచ్చింది.

అప్పుడడగలేదు ఎవరూ.
ఇప్పుడూ అడగరు.
లలితకుమార్ అనే మగాడికి మాత్రం
ఏడున్నర గంటలు జమయ్యాయి.
వాటిని నావిగా మార్చడానికి
నోటరీ, రెండు ఫొటోలు, ఒక దరఖాస్తు,
మూడు వారాలు ఎత్తని ఫోను.
ఈలోగా గడువు దాటింది, కనుక లేటు ఫీజు.

వాళ్ళిచ్చిన సంచీలో
తవిటయ్య ఎక్స్‌రేలు పెట్టుకున్నాడు.
గట్టి సంచీ. ఆ మాట ఒప్పుకోవాలి.

రాత్రి క్లినిక్‌లో, కరెంటు పోయి వచ్చే సందుల్లో,
ఫారం నింపుతున్నాను.
చివర ఒక ఖాళీ గడి: ఇతర వివరాలు.
సూరినాయుడు, రాతిపని పద్దెనిమిదేళ్ళు, అని కొట్టాను.
నా తప్పు, అని కొట్టాను.
గడిలో ఇంకా చోటుంది.
కాసేపు చూసి
ఒక్కో అక్షరమే చెరిపేశాను,
కుడి నుంచి ఎడమకి.

పక్కగదిలో దాలినాయుడు
మూతికి గొట్టం పెట్టుకుని ఊదుతున్నాడు.
జిల్లా ఆస్పత్రికి వెళ్ళనంటాడు,
అన్న అక్కణ్ణుంచే తిరిగొచ్చాడట.
"ఇంకా ఊదు, ఇంకా, ఇంకా" అంటున్నాడు తవిటయ్య,
పందెంలో ఎడ్లనదిలించినట్టు.
ముల్లు కాస్త లేచి
పడిపోయింది.

"పాసయ్యానేటమ్మా?" అని కేకేశాడు దాలినాయుడు,
దగ్గు ఆగాక.