గింజంత వెన్ను

ఆదివారం.
ట్రాండ్‌హైమ్‌లో డిసెంబరు పొద్దు పదింటికి గానీ తెల్లవారదు.
బూట్ల మంచు గుమ్మం దగ్గర దులిపి
రాగ్నిల్డ్ ఒక్కతే లోపలికొచ్చింది.

ముప్పయ్యేడు డిగ్రీల పెట్టె తలుపు తీస్తే
కళ్ళద్దాలు మసకబారాయి.
లేత గులాబి నీళ్ళలో
నలభై గింజలు ఊగుతున్నాయి,
ఎవరో జోకొడుతున్నట్టు కాదు,
మోటారు తిప్పుతున్నట్టే.

ఒకప్పుడు ఇవి ఎవరిదో మోచేతి చర్మం.
ఎవరిదో ఆమెకు చెప్పరు. దాత పద్నాలుగు, అంతే.
ఆ చర్మాన్ని వెనక్కి, ఇంకా వెనక్కి,
ఇంకా ఏమీ కానితనం దాకా నడిపించి
అక్కణ్ణించి కొత్త దారి పట్టించారు.
నీ చోటు తలకు కిందని ఒక ఆమ్లం చెప్పింది.
పొట్ట ఎటో వీపు ఎటో
ముళ్ళపంది పేరున్న ప్రోటీను చెప్పింది.
పొట్టా లేదు, వీపూ లేదు.
అయినా మాట విన్నాయి.

వరికీ వెన్నే, మనిషికీ వెన్నే.
ఇది గింజంతే ఉంది, మనిషిదే,
ఏ మనిషినీ నిలబెట్టదు.

మేత మార్చడం ఎప్పుడూ ఉండేదే.
ఇవాళ తొంభయ్యో రోజు.
పెంచిన చేత్తోనే ఒక్కొక్కదాన్నీ
నడిమికి కోయాలి.
గాయం ఉంటేనే గదా
మానుతుందో లేదో చూసేది.

పడవల కొట్టం పైకప్పు మీద మంచు తోస్తూ
మూడు చలికాలాల కింద జారిపడ్డాడు తమ్ముడు ఐవిండ్.
కాస్త చర్మం ఇవ్వరా అంటే
"ఇంకా ఏం మిగిలిందని" అని కుర్చీ తిప్పుకున్నాడు.
నిన్న రాత్రి తనే ఫోన్ చేశాడు.
"కోస్తే నొప్పి తెలుస్తుందా వాటికి?"
"తెలియడానికి తల లేదు."
కాసేపు గాలి చప్పుడు.
"అదృష్టం. నా కాళ్ళు నేను గిల్లినా పలకవు,
రాత్రంతా మండుతాయి మాత్రం."

కత్తి కనురెప్ప వెంట్రుకంత సన్నం.
ఒకటి. రెండు. పదహారు.
పదిహేడో దగ్గర చెయ్యి జారింది.
"వంకర" అని రాసింది పుస్తకంలో,
పారెయ్యలేదు.

మూడు వారాలకి
ఆ వంకర కోత మీదుగా ఆకుపచ్చగా ఒక పోగు.
ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పాకిందో
అసలు తెగకుండానే మిగిలిందో
తెలియదు.
తక్కిన ముప్పైతొమ్మిదీ మౌనం.

"ఒకటి. నమ్మను. మళ్ళీ చూడాలి."
కలం మూసి,
తమ్ముడికి ఫోన్ చేసి,
ఈ ఏడు కొట్టం మీద మంచు
ఎవరు తోస్తున్నారని మాత్రం అడిగింది.